జోసెఫ్ ఆర్మాండ్ బాంబార్డియర్: మంచు దారులకు బండి కట్టిన మెకానిక్.. ఆయన పేరున్న సంస్థే ఆ బండిని ఎందుకు వదులుకుంది?

ఇందిరాపురం వాసులు మేరఠ్ వెళ్లేందుకు సాహిబాబాద్ స్టేషన్‌లో ఎక్కే నమో భారత్ రైలుకూ, కెనడాలోని ఒక మంచు గ్రామంలో 1934 శీతాకాలాన కన్నుమూసిన రెండేళ్ల బాలుడికీ సంబంధం ఉందంటే వెంటనే నమ్మడం కష్టం. కానీ ఉంది. ఆ రైళ్ల కాంట్రాక్టును 2020 మే నెలలో దక్కించుకున్న సంస్థ పేరు బాంబార్డియర్. ఆ బాలుడి తండ్రి పేరు కూడా అదే.

జోసెఫ్ ఆర్మాండ్ బాంబార్డియర్ రైళ్లు చేయలేదు, విమానాలు చేయలేదు. మంచు మీద నడిచే బండి ఒక్కటే ఆయన జీవితం. ఆ బండి పుణ్యమా అని నిలదొక్కుకున్న సంస్థ, ఆయన మరణించిన నలభై ఏళ్లకు దానినే అమ్మివేసింది.

గడియారం యంత్రాలతో బొమ్మలు

ఆర్మాండ్ 1907 ఏప్రిల్ 16న కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో, వాల్‌కూర్ అనే చిన్న ఊరి సమీపాన జన్మించారు. తండ్రి ఆల్ఫ్రెడ్ వ్యవసాయదారు, వర్తకుడు కూడా. తల్లి అన్నా గ్రావెల్. ఎనిమిది మంది సంతానంలో ఆర్మాండే పెద్దవాడు. ఇంట్లో మాట్లాడే భాష ఫ్రెంచి. మతాచారాలు గట్టిగా పాటించే కుటుంబం.

ఆ ప్రాంతపు శీతాకాలం గురించి కొంత చెప్పాలి. నవంబరులో పడటం మొదలైన మంచు ఏప్రిల్ దాకా కరగదు. నాటి రోజుల్లో మంచు తీసే ఏర్పాటు నగరాలకే పరిమితం. పల్లెల్లో కారున్నవారు శీతాకాలం రాగానే దానిని దిమ్మెల మీదికి ఎత్తి, బ్యాటరీ తీసి భద్రపరిచేవారు. ఆ తరువాత ఆరు నెలల పాటు గుర్రం లాగే జారుడు బండే దిక్కు. వైద్యుడైనా, పూజారియైనా, ఉత్తరాలు తెచ్చే మనిషైనా గుర్రపు వేగానికే కట్టుబడి ఉండాలి. తుపాను వస్తే అదీ లేదు.

ఆర్మాండ్ చిన్ననాటి ఆటలన్నీ యంత్రాలతోనే సాగాయి. గడియారాల స్ప్రింగులతో నడిచే బొమ్మ ట్రాక్టర్లు, రైలింజన్లు చేశారు. పాత కుట్టు మిషను భాగాలతో ఒక చిన్న ఆవిరి యంత్రాన్ని అమర్చారు. తండ్రి ఆలోచన మాత్రం వేరు. పెద్ద కొడుకును మతగురువును చేయాలన్నది ఆయన సంకల్పం. పద్నాలుగో ఏట ఆర్మాండ్‌ను షెర్‌బ్రూక్ పట్టణంలోని సెమినరీలో చేర్పించారు.

తండ్రి ఇచ్చిన పాత కారు

1922లో క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చిన కుమారుడికి ఆల్ఫ్రెడ్ ఒక పాత ఫోర్డ్ మోడల్ టీ కారును ఇచ్చారు. ఇంట్లోని వస్తువులు విప్పదీయకుండా ఉంటాడన్న ఉద్దేశం అందులో కొంత ఉండవచ్చు. సెలవు రోజులన్నీ ఆర్మాండ్, తమ్ముడు లియోపోల్డ్ కొట్టంలో గడిపారు. డిసెంబరు 31న తలుపులు తెరిచి ఒక విచిత్ర వాహనాన్ని వీధిలోకి తెచ్చారు. నలుగురు కూర్చోగలిగే జారుడు బండికి వెనుక ఫోర్డ్ ఇంజిన్, దానికి చెక్కతో చెక్కిన విమానపు రెక్క. ముందు తమ్ముడు చుక్కాని పట్టగా, వెనుక అన్న ఇంజిన్ చూసుకోగా ఆ బండి భీకర శబ్దంతో ఊరి వీధిలో పరుగెత్తింది.

తండ్రికి గర్వం కంటే భయమే ఎక్కువ కలిగింది. కప్పు లేకుండా తిరుగుతున్న ఆ చెక్క రెక్కకు మనిషి తగిలితే ప్రాణం పోతుంది. బండిని వెంటనే విప్పేయమని ఆజ్ఞాపించారు. పదిహేనేళ్ల ఆర్మాండ్ విప్పేశారు. అయితే సెమినరీ చదువు మీద మనసు నిలవదని అప్పటికే తేలిపోయింది. 1924లో తండ్రిని ఒప్పించి చదువు మానేసి, పొరుగూరి గ్యారేజీలో, ఆపైన మాంట్రియల్‌లో పని నేర్చుకున్నారు. సాయంత్రం తరగతులలో మెకానిక్స్, విద్యుత్తు పాఠాలు చదివారు. ఆయన ఇంజనీరింగు చదువు మొత్తం అంతే.

1926లో ఆల్ఫ్రెడ్ సొమ్ము సమకూర్చి వాల్‌కూర్‌లో కుమారుడి చేత గ్యారేజీ పెట్టించారు. ఆ అప్పును ఆర్మాండ్ మూడేళ్లలో తీర్చివేశారు. అప్పు అంటే ఆయనకు ఇష్టం ఉండేది కాదు. ఈ స్వభావం జీవితాంతం ఆయన వ్యాపారాన్ని నడిపించింది. గ్యారేజీకి కరెంటు కావలసివచ్చినప్పుడు దగ్గరి వాగుకు అడ్డుకట్ట కట్టి, టర్బైన్ అమర్చుకున్నారు. 1929 ఆగస్టులో ఇవోన్ లాబ్రెక్‌ను వివాహమాడారు.

వేసవిలో కార్లు, వ్యవసాయ యంత్రాలు బాగుచేయడం, చలికాలంలో కార్లన్నీ దిమ్మెలెక్కి పని తగ్గిపోయాక మంచు బండి ప్రయోగాలు చేయడం ఆయన దినచర్య అయింది. ఏటా ఒక నమూనా తయారయ్యేది. ఏదో ఒక లోపంతో మూలపడేది. బరువైతే మంచులో కూరుకుపోయేది. తేలికైతే బలం చాలేది కాదు. ఇంజిన్ వేడెక్కేది.

1934 శీతాకాలం

ఆర్మాండ్, ఇవోన్ దంపతుల రెండేళ్ల కుమారుడు ఇవాన్‌కు ఆ ఏడాది తీవ్రమైన కడుపునొప్పి వచ్చింది. అపెండిక్స్ వాచి, చిట్లి, విషం పొట్టంతా వ్యాపించింది. శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రి దాదాపు 50 కిలోమీటర్ల దూరాన షెర్‌బ్రూక్‌లో ఉంది. దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి. మంచు మీద నడిచే బండిని చేయాలని పన్నెండేళ్లుగా శ్రమిస్తున్న మనిషి గ్యారేజీలో ఆనాడు నడవగలిగిన బండి ఒక్కటీ లేదు. ఉన్న నమూనా విడిభాగాలుగా పడి ఉంది. బాలుడు ఇంట్లోనే మరణించాడు.

ఈ మరణం వల్లే స్నోమొబైల్ పుట్టిందని చాలాచోట్ల రాస్తారు. అది పూర్తిగా నిజం కాదు. ప్రయోగాలు అంతకుముందే మొదలయ్యాయి, ఈ బాధ లేకపోయినా బహుశా కొనసాగేవి. కానీ ఆ తరువాత ఆయన చేసిన బండ్ల స్వరూపం చూస్తే ఒక సంగతి గమనించవచ్చు. ఇద్దరు యువకులు సరదాగా ఊరేగే బండి కాదు, రోగిని పడుకోబెట్టి తలుపులు మూసి తీసుకుపోగల బండి కోసం ఆయన వెతికారు.

పళ్ల చక్రం, రబ్బరు పట్టీ

పరిష్కారం 1935లో దొరికింది. చెప్పడానికి అది చాలా సులభం. బండి బరువంతా నాలుగు చక్రాల అంచుల మీద పడితే మెత్తని మంచు దానిని మోయలేదు. ఆ బరువును పొడవైన, వెడల్పైన పట్టీ మీద పరిస్తే చదరపు అంగుళానికి పడే భారం తగ్గి బండి పైన తేలుతుంది. యుద్ధ ట్యాంకులకు ఇనుప పట్టాలు అప్పటికే ఉన్నాయి. కానీ అవి బరువు, పైగా వాటి సందుల్లో మంచు గడ్డకట్టి బిగుసుకుపోతుంది. ఆర్మాండ్ ఇనుముకు బదులు రబ్బరు, నూలు కలిపిన పట్టీలు వాడి, వాటిని అడ్డంగా ఉక్కు కమ్మీలతో బిగించారు. ఆ పట్టీని తిప్పే పళ్ల చక్రానికి రబ్బరు తొడుగు వేశారు. రబ్బరు వంగుతుంది కనుక మంచు అంటుకోదు, అంటినా రాలిపోతుంది. ముందువైపు దిశ మార్చేందుకు రెండు స్కీలు.

1937 జూన్ 29న ఈ అమరికకు పేటెంటు లభించింది. ఏడుగురు కూర్చోగల బి7 అనే వాహనం అమ్మకానికి వచ్చింది. చెక్క శరీరం, మూసిన తలుపులు, లోపల వెచ్చదనం. తొలి కొనుగోలుదారులు ఎవరన్నది ఆ కాలపు అవసరాన్ని చెబుతుంది. పల్లె వైద్యులు, పూజారులు, హోటళ్ల యజమానులు, టాక్సీ నడిపేవారు, తపాలా చేరవేసేవారు. తరువాతి బి12 పన్నెండు మందిని మోసేది. ఓడలకు ఉండే తరహాలో దానికి గుండ్రటి కిటికీలుండేవి. నలుచదరపు అద్దాల కంటే అవి కుదుపులకు బాగా తట్టుకునేవి. ఏటా 200 బండ్లు చేయగల కర్మాగారం వాల్‌కూర్‌లో వెలిసింది. 1942 జూలై 10న అది కంపెనీగా నమోదైంది. తమ్ముళ్లందరికీ అందులో పని దొరికింది.

యుద్ధకాలం ఆయన ప్రణాళికను మార్చింది. రబ్బరు, ఉక్కు, పెట్రోలు మీద ఆంక్షలు రావడంతో, వృత్తికి తప్పనిసరి అని అనుమతి చూపినవారికి తప్ప సామాన్యులకు బండి అమ్మే వీలు లేకపోయింది. ప్రభుత్వం సైనికుల కోసం బి1 రకం బండ్లను 130 దాకా కోరింది. దానిని ఆయన తక్కువ కాలంలో రూపొందించి ఇచ్చారు. యుద్ధం ముగిశాక బడి పిల్లలను చేరవేసే సి18 వచ్చింది. బి12లకు గిరాకీ పెరిగింది. ఇక ఢోకా లేదనిపించింది.

రోడ్లు బాగుపడితే..

1948లో క్యూబెక్ ప్రభుత్వం పల్లె రోడ్లపై కూడా శీతాకాలమంతా మంచు తొలగించాలని నిర్ణయించింది. ప్రజలకు అది నిజంగా మేలు చేసిన నిర్ణయం. మామూలు కారులోనే ఆసుపత్రికి పోగలిగితే మంచు బండితో పనేముంది? 1934లో ఆ రోడ్డు తెరిచి ఉంటే ఇవాన్ బతికేవాడేమో కూడా. కానీ బాంబార్డియర్ అమ్మకాలు ఒక్క ఏడాదిలోనే దారుణంగా పడిపోయాయి. ఆయన తీర్చిన లోటునే ప్రభుత్వం మరింత చవకగా తీర్చింది.

ఆర్మాండ్ జీవితంలో ఎక్కువ మంది పట్టించుకోని అధ్యాయం ఇదే, బహుశా అన్నింటికంటే ఆసక్తికరమైనది కూడా. ఆయన ప్రభుత్వాన్ని నిందిస్తూ కూర్చోలేదు. మంచు ఉన్న రోడ్లు తగ్గాయి గానీ, రోడ్లే లేని నేలలు తగ్గలేదు కదా. ట్రాక్టర్లు బురదలో, మంచులో కూరుకుపోకుండా వెనుక చక్రాలకు తగిలించే పట్టీల అమరికను 1949లో విడుదల చేశారు. చమురు అన్వేషణ, అడవుల నరికివేత, విద్యుత్తు తీగల నిర్మాణం సాగే చిత్తడి నేలల కోసం 1953లో మస్కెగ్ ట్రాక్టర్‌ను చేశారు. దక్షిణ ధ్రువ ఖండాన్ని అడ్డంగా దాటిన వివియన్ ఫుక్స్ బృందం 1950వ దశకంలో వెంట తీసుకువెళ్లిన వాహనాలలో ఒక మస్కెగ్ కూడా ఉంది.

ఆయన పనితీరు గురించి తెలిసినంతలో ఒక విషయం స్పష్టం. ఉదయం పెందలాడే కర్మాగారానికి రావడం, కొత్త నమూనాను స్వయంగా నడిపి చూడడం, ఎవరి మీదా ఆధారపడకుండా లాభాలతోనే కొత్త ప్రయోగానికి ఖర్చు పెట్టడం ఆయన పద్ధతి. మద్యం, పొగాకు దరి చేరనివ్వలేదు. మొత్తం మీద నలభైకి పైగా పేటెంట్లు సంపాదించారు. ఇలాంటి మనుషులతో కలిసి పనిచేయడం అంత తేలిక కాదన్నది ఊహించుకోవచ్చు. నిర్ణయాలన్నీ ఒక్కరి చేతిలోనే ఉండేవి.

పేరు మారిన చిన్న బండి

ఒక్కరో ఇద్దరో కూర్చునే తేలికపాటి బండి కోరిక ఆయనను చిన్ననాటి నుంచీ వదలలేదు. దానికి తగిన చిన్న ఇంజిన్ చాలాకాలం దొరకలేదు. 1950వ దశకం చివరికి తేలికైన ఇంజిన్లు మార్కెట్లోకి వచ్చాయి. అదే సమయంలో పెద్ద కుమారుడు జెర్మైన్ కృషితో అతుకులేని రబ్బరు పట్టీ సిద్ధమైంది. ఈ రెండూ కలిసిన నమూనాను 1959 వసంతంలో ఉత్తర ఒంటారియోలోని ఆదివాసీ గ్రామంలో సేవ చేస్తున్న ఒక మిషనరీ మిత్రుడి దగ్గరకు ఆర్మాండ్ స్వయంగా తీసుకువెళ్లారు. అక్కడి వేటగాళ్లకు అప్పటి వరకు కుక్కలు లాగే బండ్లే ఆధారం. కుక్కలకు ఏడాది పొడవునా తిండి పెట్టాలి. ఈ బండికి నడిపినప్పుడు మాత్రమే పెట్రోలు పోస్తే చాలు.

కుక్కల స్థానంలో వచ్చినది కనుక దానికి స్కీ-డాగ్ అని పేరు పెట్టాలనుకున్నారు. అది స్కీ-డూగా మారింది. అచ్చుతప్పు వల్ల మారిందని ప్రచారంలో ఉన్న కథ. మొదటి సీజన్‌లో 225 బండ్లు అమ్ముడయ్యాయి. నాలుగేళ్లు తిరిగేసరికి ఏటా అమ్మకాలు ఎనిమిది వేలు దాటాయి.

కొన్నవారిలో వేటగాళ్లు, మిషనరీలు ఉన్నారు గానీ అంతకంటే ఎక్కువగా వారాంతంలో పొలాల మీద దూసుకుపోవాలనుకున్న పట్టణవాసులు ఉన్నారు. అవసరం కోసం పుట్టిన బండి వినోదంగా మారిపోయింది. నేడు ఇందిరాపురం వంటి చోట్ల నుంచి సెలవులకు గుల్మార్గ్ వెళ్లే కుటుంబాలు అద్దె చెల్లించి ఎక్కే స్నో స్కూటర్లు ఈ వంశానికి చెందినవే. సియాచిన్‌లో భారత సైనికులు ఉపయోగించేవీ అవే. ఆ రెండో ఉపయోగమే ఆర్మాండ్ తొలి ఉద్దేశానికి దగ్గరగా ఉంది.

విజయం పూర్తిగా చూడకుండానే ఆయన వెళ్లిపోయారు. క్యాన్సర్‌తో 1964 ఫిబ్రవరి 18న, 56 ఏళ్ల వయసులో మరణించారు. అది మంచు కాలం మధ్య.

ఆర్మాండ్ తరువాత

జెర్మైన్ కొద్దికాలమే సంస్థను నడిపి తప్పుకున్నారు. 1966లో ఆర్మాండ్ కుమార్తె క్లెయిర్ భర్త, అకౌంటెంట్ అయిన లారెంట్ బోడోయిన్ అధ్యక్షుడయ్యారు. అప్పటికి ఆయనకు 30 ఏళ్లు నిండలేదు. స్కీ-డూ గిరాకీ ఆకాశాన్ని అంటింది. ఉత్తర అమెరికాలో 1971లో దాదాపు ఐదు లక్షల స్నోమొబైల్స్ అమ్ముడయ్యాయి. వందకు పైగా కంపెనీలు ఈ రంగంలోకి దూకాయి.

ఆ తరువాత 1973 చమురు సంక్షోభం వచ్చింది. వినోదం కోసం పెట్రోలు కాల్చేవారు తగ్గారు. కంపెనీలు వరుసగా మూతపడ్డాయి. లా పోకటియేర్ అనే ఊరిలో పోటీ సంస్థ మోటో-స్కీ నుంచి కొన్న స్నోమొబైల్ కర్మాగారాన్ని బోడోయిన్ రైలు పెట్టెల తయారీకి మార్చివేశారు. మాంట్రియల్ మెట్రోకు 423 పెట్టెలు చేసే కాంట్రాక్టు 1974లో వచ్చింది. మంచు బండ్ల సంస్థ రైళ్ల సంస్థ అయిన మలుపు అది. 1986లో కెనడేర్‌ను కొని విమానాల్లో అడుగుపెట్టింది. 1990లో లియర్‌జెట్, 2001లో యూరప్ రైళ్ల దిగ్గజం ఆడ్‌ట్రాంజ్ చేతికొచ్చాయి. ఢిల్లీ మెట్రోకు పెట్టెలు అందించేందుకు గుజరాత్‌లోని సావ్లీలో కర్మాగారం నెలకొల్పింది.

ఇంత విస్తరణకు అప్పులు కావాలి. అప్పంటే గిట్టని మామగారి పద్ధతికి ఇది పూర్తిగా వ్యతిరేక మార్గం. అలాగని అల్లుడిని తప్పుపట్టడం కూడా తేలిక కాదు. 1973 తరువాత స్నోమొబైల్‌ను మాత్రమే నమ్ముకున్న సంస్థలలో అధికభాగం నేడు లేవు.

2001 సెప్టెంబరు దాడుల అనంతరం విమానాల వ్యాపారం కుదేలైంది. నగదు కోసం ఏదో ఒకటి అమ్మక తప్పని స్థితి. 2003 డిసెంబరులో స్కీ-డూతో సహా వినోద వాహనాల విభాగాన్ని దాదాపు 120 కోట్ల కెనడా డాలర్లకు బాంబార్డియర్ అమ్మివేసింది. కొన్నవారిలో బెయిన్ క్యాపిటల్‌కు సగం వాటా, క్యూబెక్ పెన్షన్ నిధికి 15 శాతం. మిగిలిన 35 శాతం ఆర్మాండ్ కుటుంబానిదే. అంటే కంపెనీ వదిలిన బండిలో కొంత భాగాన్ని కుటుంబం సొంత డబ్బుతో తిరిగి కొనుక్కుంది. ఆ విభాగమే నేటి బీఆర్‌పీ.

ఈ రంగం నుంచి తప్పుకున్న సుదీర్ఘకాలపు తయారీదారు బాంబార్డియర్ ఒక్కటే కాదు. 1968లో మొదటి స్నోమొబైల్ చేసిన జపాన్ సంస్థ యమహా, ఈ వ్యాపారాన్ని వదులుకుంటున్నట్టు 2023 జూన్‌లో ప్రకటించింది. జపాన్‌లో 2022 మోడళ్లతో, యూరప్‌లో 2024 మోడళ్లతో, ఉత్తర అమెరికాలో 2025 మోడళ్లతో అమ్మకాలు ముగిస్తామని తెలిపింది. తెలుగు కుర్రకారు ఒకప్పుడు కలలుగన్న ఆర్ఎక్స్ 100 తయారైన సూరజ్‌పూర్ కర్మాగారం ఇందిరాపురం ఉన్న ఎన్‌సీఆర్‌లోనే ఉంది. మోటార్‌సైకిళ్లకు కోట్లలో కొనుగోలుదారులున్న ఇలాంటి దేశాలున్నప్పుడు, ప్రపంచమంతా కలిపినా ఏటా లక్షన్నర దాటని స్నోమొబైల్ మార్కెట్ కోసం కొత్త ఇంజిన్లు రూపొందించడం ఏ పెద్ద సంస్థకైనా బరువే. మంచు కురిసే రోజులు కూడా మునుపటిలా నమ్మదగినవి కావు.

బాంబార్డియర్ అమ్మకాలు అక్కడితో ఆగలేదు. సి-సిరీస్ విమానం మీద పెట్టిన ఖర్చు సంస్థను మళ్లీ అప్పుల్లోకి నెట్టింది. ఆ విమానం ఎయిర్‌బస్ చేతికి వెళ్లి ఏ220గా మారింది. 2021 జనవరి 29న రైళ్ల విభాగాన్ని ఫ్రాన్స్‌కు చెందిన ఆల్‌స్తోమ్ కొనుగోలు చేసింది. అంతకుముందు ఏడాది బాంబార్డియర్‌కు దక్కిన ఢిల్లీ-మేరఠ్ మార్గపు 210 పెట్టెల కాంట్రాక్టు కూడా చేతులు మారింది. హైదరాబాద్‌లో రూపకల్పన జరిగి, సావ్లీలో తయారైన ఆ రైళ్లు 2023 అక్టోబరులో సాహిబాబాద్, దుహాయి మధ్య పరుగు ప్రారంభించాయి. వాటి తయారీదారుగా ఉన్న పేరు ఆల్‌స్తోమ్.

ఆర్మాండ్ పేరుతో మిగిలిన కంపెనీ నేడు సంపన్నులు వాడే బిజినెస్ జెట్లు మాత్రమే చేస్తోంది. స్కీ-డూలు ఇప్పటికీ వాల్‌కూర్‌లోనే తయారవుతున్నాయి. 1926లో తండ్రి సొమ్ముతో వెలిసిన గ్యారేజీ అక్కడి మ్యూజియంలో భద్రంగా ఉంది.